మిఠాయి పంచని అన్‌ఫిట్: క్వారీ చెరువు చుట్టూ సైకిల్ మీద

మెడికల్ బోర్డు నా కాగితం మీద అన్‌ఫిట్ అని రాసిన రోజు సాయంత్రం మా క్వార్టర్ ముందు చేరిన వాళ్లలో ఒక్కరు కూడా కాలు ఎలా ఉందని అడగలేదు. మిఠాయి ఏదని అడిగారు. బొగ్గు ప్రాంతం బయట పుట్టినవారికి ఇది వింతగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మేం బొగ్గు గనిని బాయి అంటాం. బాయిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందన్న ఆశ ఇక్కడ గడప గడపకూ ఉంటుంది. రూళ్లు మారాయి, ఆగాయి, మళ్లీ వస్తాయంటారు. అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక మనిషి పనికిరాకుండా పోయాడంటే మా కాలనీలో పెళ్లి కుదిరినంత సంబరం. నా సంగతి వేరు. కప్పు నుంచి బండ ఊడి ఎడమ మోకాలి మీద పడింది, లోపల ఇనుప కడ్డీ వేశారు. బాయి లోపలికి అన్‌ఫిట్, పైన పని చేయవచ్చు అని బోర్డు రాసింది. నాకు కొడుకు లేడు, డిగ్రీ చదివే కూతురు ఉంది. నా ఉద్యోగం నాకే ఉంది, పంపుల ఫిట్టర్‌గా బాయి లోపల చేసిన పనే ఇప్పుడు పైన వర్క్‌షాపులో చేస్తున్నాను. ఇదంతా ఎంత మొత్తుకున్నా మా వాళ్లు పట్టుకున్నది మాత్రం ఆ ఒక్క ముక్కనే.

ఆ రోజు నుంచి నేను వట్టి మల్లేశాన్ని కాదు, అన్‌ఫిట్ మల్లేశాన్ని. అందరికంటే ఎక్కువగా అలా పిలిచేవాడు కొమురయ్య. బాయిలో పదేళ్లు నా పక్కన పనిచేశాడు, వరసకు బావ. ఒక సాయంత్రం గోదావరిఖనిలో మేం రోజూ కూర్చునే చాయ్ హోటల్లో రాష్ట్రం వస్తుందా రాదా అన్న చర్చ నడిచి నడిచి, ఎలాగో క్వారీ చెరువు మీదికి మళ్లింది. బొగ్గు కోసం ఎప్పుడో పైనుంచి తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గుంత అది. వానలకు, ఊటలకు నిండి చెరువైంది. దాని చుట్టూ ఒకప్పుడు బండ్ల బాట ఉండేదని, ఇప్పుడు ఎవరూ పూర్తిగా తిరిగి రాలేరని కొమురయ్య తేల్చి చెప్పాడు. నాకు ఎందుకో ఒళ్లు మండింది. "నేను తిరిగొస్త. సైకిల్ మీద," అన్నాను.

హోటల్ అంతా నవ్వింది. "ఉట్టికెగురలేనమ్మ సర్గానికి ఎగిరిందట," అన్నాడు కొమురయ్య. "బావ, క్వార్టర్ మెట్లు ఎక్కెటప్పుడే గోడ పట్టుకుంటవ్ గదనే. గుట్టలెక్కుతవా?"

"ఎక్కుత."

"సరే, పందెం. నడుమ ఏ బండి అన్న ఎక్కినవనుకో, సైకిల్‌ను ట్రాలీల ఏసినవనుకో, అన్‌ఫిట్ మిఠాయి పంచాలె. మూడేండ్ల సంది ఎదురుచూస్తున్నం."

"ఎక్కకుంటే?"

"ఎక్కకుంటే జన్మల నిన్ను అన్‌ఫిట్ అనం. గీ హోటల్ల ఎవ్వడన్నా నేనే నోరు మూపిస్త."

నాకు కావాల్సింది అదే. పైసలు కాదు, మెచ్చుకోలు కాదు. ఆ మాట నా పేరు ముందు నుంచి ఊడిపోవాలి.

ఇక ప్రయాణానికి వద్దాం. బయటి నుంచి వచ్చేవారు రామగుండం స్టేషన్లో దిగి షేర్ ఆటోలో గోదావరిఖని బస్టాండుకు చేరుకోవచ్చు. చలికాలంలోనే రండి. ఎండాకాలంలో ఇక్కడ రాయి మీద రొట్టె కాల్చుకోవచ్చు, సైకిల్ తొక్కడం మాట దేవుడెరుగు. మా అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్లో కంకర దారుల కోసం ప్రత్యేకంగా చేసిన విదేశీ సైకిళ్ల ఫోటోలు చూపించింది. వంపు హ్యాండిల్, లావు టైర్లు, చూడముచ్చటగా ఉన్నాయి. ధర చూశాక ముచ్చట తీరిపోయింది. నేను డ్యూటీకి వెళ్లే నల్ల సైకిల్‌కే బొగ్గు బస్తాలు మోసే లోడు సైకిళ్ల టైర్లు వేయించాను. నా ఎడమ మోకాలు పూర్తిగా వంగదు కాబట్టి సీటు రెండు వేళ్లు పైకి ఎత్తించాను, ఎడమ పెడల్‌ను మడమతో తొక్కడం అలవాటు చేసుకున్నాను. అసలు పనంతా కుడికాలిదే. ఎడమకాలు చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాంటిది, బుద్ధి పుట్టినప్పుడు ఓ చెయ్యి వేస్తుంది.

నా వారపు సెలవు రోజు పొద్దున్నే బయలుదేరాను. నా భార్య సరోజన నాలుగు జొన్నరొట్టెలు, టమాట తొక్కు మూటకట్టి ఇచ్చింది. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నీకేమో ఉన్నయి రెండు, అండ్ల ఒకటి ఇనుపది," అంది. పొమ్మనలేదు, వద్దనలేదు. మొదటి షిఫ్టు వాళ్లు బాయిల దారి పట్టారు. నేను వాళ్లకు ఎదురు పోతుంటే ముగ్గురు నలుగురు బెల్లు కొట్టి "మిఠాయి మాకు గూడ ఉంచు" అని అరిచారు. పందెం సంగతి అప్పటికే కాలనీ అంతా పాకింది. బొగ్గు పొడి అయినా గాలికి ఆగుతుందేమో కానీ మా దగ్గర వార్త ఆగదు.

మొదటి ఎనిమిది కిలోమీటర్లు తారు రోడ్డు. బొగ్గు లారీలు వరసగా వస్తాయి, అంచు వదలకుండా తొక్కండి, ముక్కుకు దస్తీ కట్టుకోండి. రోడ్డు పక్క బండిలో పూరీ తిని చాయ్ తాగడానికి పదిహేను రూపాయలు సరిపోయాయి. తర్వాత కుడివైపు మొరం దారి వస్తుంది. అక్కడి నుంచి చెరువు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది, మళ్లీ తారు రోడ్డు తగిలే దాకా అలాగే ఉండాలి. మొదట కనిపించేది చెరువు కాదు, మట్టి గుట్టలు. బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి, బండరాళ్లు కలిసి గుట్టలయ్యాయి, వాటి మీద తుమ్మలు మొలిచాయి. వాటి నడుమ నుంచి ఎక్కే దారిలో రాళ్లు చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి. ముందు బ్రేకు పట్టారా, పళ్లు రాలతాయి. నేను సగం తొక్కాను, సగం తోశాను. తోయడం తప్పు కాదని పందెం రోజే ఒప్పించుకున్నాను.

గుట్ట కొసకు చేరగానే చెరువు కనిపించింది, చేతులు వాటంతటవే బ్రేకు మీదికి పోయాయి. అంత నీలిరంగు నీళ్లు నేను గోదావరిలో కూడా చూడలేదు. చుట్టూ ఓపెన్‌కాస్ట్ మెట్లు, ఒక్కొక్క మెట్టు ఇంటి ఎత్తు, అలాగే నీళ్లలోకి దిగిపోయాయి. అందానికి మురిసి దిగేరు, వద్దు. ఇక్కడ ఒడ్డు అంటూ ఉండదు. ఒక అడుగు నేల మీద ఉంటే రెండో అడుగు తాటిచెట్టు లోతులో ఉంటుంది.

గుట్ట దిగితే గుర్రంపల్లె నిర్వాసితుల కాలనీ. అసలు గుర్రంపల్లె ఈ గుంత తవ్వకంలో పోయింది. ఊరివాళ్లను తెచ్చి ఇక్కడ వరసగా కట్టిన ఇళ్లలో ఉంచారు. మొదటి ఇంటి ముందు లచ్చవ్వ అనే ముసలమ్మ చాయ్, మిర్చీలు అమ్ముతుంది. ఆమె దగ్గర చాయ్ తాగుతూ దారి అడిగాను.

"గిట్ల సక్కగ పో బిడ్డా. కమ్మరోళ్ల కొలిమి దాటినంక బొడ్రాయి వస్తది. గా బొడ్రాయిని ఎడమ చేతి దిక్కు ఉంచుకొని తిరుగు. అటెనుక మా రేగడి చేన్లు, చేన్లకెల్లి బండ్ల బాట."

బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన రాయి, ఊరికి బొడ్డు లాంటిది, తల్లిగా మొక్కుతారు. ముందుకు చూశాను. కొలిమి లేదు, ఊరు లేదు, నీళ్లు తప్ప ఏమీ లేవు. "అవ్వా, బొడ్రాయి ఎక్కడున్నది?" అన్నాను.

ఆమె చెయ్యెత్తి చెరువు నడుమకు చూపించింది. "అగో, గాడ. నీళ్లు జర నల్లగ కొడుతున్నయి సూడు, గాడనే."

"అది మొత్తం తవ్విండ్రు గద అవ్వా. ఇంక బొడ్రాయి ఎక్కడిది?"

"రాయి తీసిండ్రేమో గని జాగ తీస్తరా?" అని లచ్చవ్వ నా మీద కోపానికి వచ్చింది. "వానలు పడకుంటే ఊరంత కలిసి బిందెలు మోసి బొడ్రాయికి నీళ్లు పోస్తుంటిమి. ఇప్పుడు ఆమెనే నీళ్లల్ల కూసున్నది. మాకు పని తప్పింది." కోపంలోంచే నవ్వింది, నాకు ఇంకో మిర్చీ వేసింది, దానికి డబ్బులు తీసుకోలేదు. నేను అడిగినందుకు సిగ్గుపడ్డాను కానీ ఆమె చెప్పిన దారి గుర్తు పెట్టుకున్నాను. ఆమె చూపిన నల్లని నీళ్లను ఎడమ చేతి వైపు ఉంచుకుని తొక్కితే ఎక్కడా దారి తప్పలేదు.

రేగడి చేలు దాటాక బండ్ల బాట నిజంగానే ఉంది. ఉందంటే ఉంది, అంతే. నడుమ గడ్డి మొలిచింది, బండి గాడులు రెండూ వాన నీళ్లకు కోసుకుపోయి మోకాలి లోతు కాలువలయ్యాయి. ఒకచోట వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. సైకిల్ భుజాన వేసుకుని రాళ్ల మీదుగా దాటుతుంటే ఎడమకాలు మాట వినలేదు. సైకిల్‌తో సహా బోర్లా పడ్డాను. అరచేయి చీరుకుపోయింది, మోకాలి మీద పాత కుట్ల పక్కనే కొత్త దెబ్బ తగిలింది. లేచి నిలబడితే ఇనుప కడ్డీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసినట్టు తెలిసింది. రొట్టెలు తిని, నీళ్లు తాగి, గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే పత్తి చేను నుంచి ఒక ట్రాక్టర్ వచ్చి నా పక్కన ఆగింది. నడిపే మనిషి నా మోకాలు చూసి ఇంజను ఆపాడు. "ఎక్కు అన్న. ట్రాలీ ఖాళీగనే ఉన్నది. తారు రోడ్డు మీద దించుత, జల్ది పోతవ్."

చెయ్యి సైకిల్ మీద ఉంది, కన్ను ట్రాలీ మీద ఉంది. ఎక్కాలనిపించింది. గట్టిగా అనిపించింది. పందెం సంగతి చెప్పాను.

"గింతేనా? ఈ అడివిల ఎవడు సూస్తుండే?"

"ఎవ్వడు చూడడు. కని రేపు కొమురయ్య బావ అడిగితే అబద్ధం చెప్పాలె గద తమ్మీ. నాకు రాదు. పత్తాలాటల ఒక్కనాడన్న గెలువలే నేను. మంచి ముక్క పడంగనే నా మొఖం చెప్పేస్తది."

అతను పడీ పడీ నవ్వాడు. నీళ్ల సీసా ఇచ్చాడు, తన తలకు చుట్టుకున్న తువ్వాలలోంచి ఒక పేలిక చింపి మోకాలికి కట్టాడు, వెళ్లిపోయాడు. ట్రాక్టర్ చప్పుడు వినబడినంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను. చప్పుడు ఆగాక తిట్టడం మానేసి సైకిల్ ఎక్కాను. పైన పని చేయవచ్చు అని బోర్డే రాసింది, ఇంతకంటే పైన ఎక్కడుంటుంది?

అక్కడి నుంచి ఇంకో మట్టి గుట్ట ఎక్కి దిగాలి. ఎక్కుడు మొత్తం తోశాను. దిగుడు అయిపోయి చదును దారి తగిలి, దూరంగా తారు రోడ్డు మీద లారీలు కనబడేసరికి నోట్లో పాట కూడా వచ్చింది. సంతోషం నిండా ఓ నిమిషం లేదు. ఎదురుగా కంపెనీ వ్యాన్ వచ్చి అడ్డంగా ఆగింది, ఎర్ర జెండా పట్టుకుని ఖలీల్ దూకాడు. ఖలీల్ బాయిలో నాతో పనిచేసి తర్వాత ఓపెన్‌కాస్ట్‌కు మారిన కుర్రాడు. చెరువుకు ఈ వైపున ఇప్పుడు నడుస్తున్న ఓపెన్‌కాస్ట్ ఉంది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు. అప్పుడు దారులన్నింటి మీద జెండాలతో మనుషులు నిలబడతారు, లోపల మిగిలిన వాళ్లను వ్యాన్ తిరిగి బయటికి పంపిస్తుంది. నేను ఎవరూ రాని బండ్ల బాట నుంచి వచ్చాను కాబట్టి ఏ జెండా తగలకుండానే డేంజర్ జోన్ లోపల తేలాను.

"మల్లేశ్ భాయ్! నువ్వేంది ఈడ? యా అల్లా, నీ కాలు! ఎక్కు ఎక్కు, వ్యాన్ల ఎక్కు. సైకిల్ పైన ఏసుకుంటం."

"ఎక్కను ఖలీల్."

"భాయ్, బ్లాస్టింగ్ ఉన్నది. నీకు తెల్వదా? అర్ధగంట సుత లేదు."

"తెలుసు. డేంజర్ జోన్ బయట ఉండాలన్నది రూలు. వ్యాన్ల పోవాలన్నది రూలు కాదు. తారు రోడ్డు వైపు బయటికి ఎంత దూరం?"

"రెండు కిలోమీటర్లకు ఎక్కువనే. నీ తోని కాదు, నేను పోనియ్య."

"ఎనుకకు?"

ఖలీల్ నేను దిగివచ్చిన గుట్ట వైపు చూశాడు. గుట్ట అవతలి వాలు జోన్ బయట ఉంటుంది, దగ్గర కూడా అదే. అతని మొహంలో సగం కోపం, సగం జాలి. "దిమాగ్ ఖరాబైందా భాయ్? దిగిన గుట్ట మళ్ల ఎక్కుతవా? తారు రోడ్డు అగో, కనబడుతనే ఉన్నది. రెండు నిమిషాల్ల దించుత. ఎవనికి చెప్ప, ఖసం."

ఆ జాలి లేకపోతే ఎక్కేవాణ్నేమో. మూడేళ్లుగా ఆ చూపే చూస్తున్నాను. సైకిల్ వెనక్కి తిప్పాను. ఖలీల్ వాకీటాకీలో ఏదో చెప్పాడు, వ్యాన్‌ను పంపించేశాడు, జెండా భుజాన వేసుకుని నా వెనకే నడిచాడు. ఒకచోట సైకిల్ తోయబోయాడు. వద్దన్నాను. "సరే తోయ్య, ఫికర్ చెయ్యకు, జల్ది నడువు," అన్నాడు. గుట్ట కొస దాటి అవతలి వాలుకు దిగి, ఒక పెద్ద బండ చాటున ఇద్దరం కూర్చున్నాం. సైరన్ మోగింది. కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది, తర్వాత చప్పుడు వచ్చింది, తర్వాత గుట్ట మీదుగా ఎర్రటి దుమ్ము లేచింది. అంతా సరే అన్న సైరన్ మోగేదాకా ఖలీల్ నన్ను కదలనివ్వలేదు, నేను కూడా కదలలేదు. మొండితనం వేరు, మందుగుండుతో ఆటలు వేరు.

"ఈ బాటకు ఇంతవరకు జెండా లేకుండె," అన్నాడు ఖలీల్ లేస్తూ. "మనిషే రాడనుకున్నం. రేపటి సంది ఈ మూలకు గూడ ఒకడు నిలబడాలని సార్‌కు చెప్త."

ఆ మాట నాకు చాలా నచ్చింది. నేను గుట్ట మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. తారు రోడ్డు మొగదాకా ఖలీల్ నడిచే వచ్చాడు. బ్లాస్టింగ్ కోసం ఆపిన లారీలు అక్కడ బారులు తీరి ఉన్నాయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. ఖలీల్ ముందు లారీకి జెండా అడ్డం పెట్టి, "ఠహ్రో! పహ్లే భాయ్ సైకిల్," అని అరిచాడు. అంత పెద్ద బండ్లన్నీ ఆగి ఉండగా నేను కుంటుకుంటూ తొక్కుకుంటూ పోయాను. ఎవరేమనుకున్నా సరే, ఆ వంద గజాలు నేను మంత్రిలా పోయాను.

గోదావరిఖని చేరేసరికి పొద్దు వాలుతోంది. హోటల్ ముందు కొమురయ్య, ఇంకో నలుగురైదుగురు కూర్చున్నారు. బల్ల మీద దారంతో కట్టిన మిఠాయి డబ్బా ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను ఓడిపోతానని అంత నమ్మకంతో ముందే కొనుక్కొచ్చాడు.

"ఎన్ని బండ్లెక్కినవ్ బావ?" అన్నాడు.

నేను సైకిల్ గోడకు ఆనించి అతని ఎదురుగా నిలబడ్డాను. "ఒక్కటి ఎక్కలే. ఒక గుట్టనైతే రెండుసార్లు ఎక్కిన."

కొమురయ్య నా మొహం వైపు చూశాడు. పత్తాలాటలో పదేళ్లుగా చదివిన మొహం అది. తర్వాత చిన్నగా, "నిజమే చెప్తుండు," అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. డబ్బా నా వైపు జరిపాడు. "తిను."

"నేను పంచ. నువ్వు ఓడినవ్, నువ్వే పంచు."

అతను లేచాడు. మాట తప్పే మనిషి కాదు. దారం తెంపి బల్ల బల్ల దగ్గరికీ వెళ్లి పంచడం మొదలుపెట్టాడు. మూల బల్ల దగ్గర మొదటి షిఫ్టు దిగి వచ్చిన ఒక పెద్దాయన లడ్డూ అందుకుని, అలవాటుగా, "ఎవరు అన్‌ఫిట్ అయిండ్రు?" అని అడిగాడు.

"ఎవ్వరు కాలే కాక," అన్నాడు కొమురయ్య. "మా మల్లేశం బావ ఫిట్ అయిండు."

పెద్దాయన లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. "ఫిట్ అయితే సుత మిఠాయి పంచుతరా?"

కొమురయ్య ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు, నా చాయ్ తానే కలిపి నా ముందు పెట్టాడు.

ఇప్పటికి ఇది జరిగి కొన్ని నెలలైంది. మోకాలు వారం పాటు వాచింది, సరోజన వేడినీళ్ల కాపడం పెడుతూ ప్రతి పూటా తిట్టింది. బోర్డు కాగితం బోర్డు దగ్గరే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. బాయి లోపలికి నేను పనికిరాననేది నిజం. ఆ ఒక్క నిజాన్ని మనిషి మొత్తం మీద దుప్పటిలా కప్పడంతోనే నా పేచీ. ఊరు లేదంటారు, లచ్చవ్వ ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే దారి చెబుతుంది. రాష్ట్రం రాదంటారు, హోటల్లో సగం మంది రేపో మాపో వస్తుందన్నట్టే మాట్లాడతారు. బాట లేదన్నారు, ఇప్పుడు దాని చివర గుట్ట దగ్గర మధ్యాహ్నం పూట ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని నిలబడుతున్నాడు. ఖలీల్ మాట నిలబెట్టుకున్నాడు, నేను వెళ్లి నా కళ్లతో చూసి వచ్చాను. లేదన్న దారికి కాపలా పెట్టారంటే అది ఉన్నట్టే కదా.

వెళ్లాలనుకునే వారికి ఒక్క సూచన. నీళ్లు, పంక్చర్ సామాను ఎలాగూ తీసుకెళతారు. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం రెండు కొట్టే లోపు ఆ చివరి గుట్ట దగ్గరికి చేరండి, జెండా కనిపిస్తే ఎవరితోనూ వాదించకుండా గుట్ట ఇవతలే ఆగి కూర్చోండి. అక్కడ జాలిపడి వ్యాన్ ఎక్కమంటారు. దండం పెట్టండి, ఎక్కకండి. బొడ్రాయిని ఎడమ చేతి వైపే ఉంచుకోండి.